ఆకు చేసిన మేలెంత

నాన్నా,

ఇది ఫోన్లో చెబుదామనే అనుకున్నాను. కానీ మన ఫోను సంగతి తెలిసిందేగా. నువ్వు "ఆఁ? ఏంటీ?" అంటావు, నేను గొంతు చించుకుంటాను, పక్క గదివాళ్ళు ఎవరికో ప్రాణం మీదికొచ్చిందనుకుని తొంగిచూస్తారు. ఇది అరిచి చెప్పే మాట కాదు. కళ్ళజోడు తుడుచుకుని, నింపాదిగా చదువుకో.

నీ మోకాలాకు పనిచేస్తుంది నాన్నా! పుస్తకాల్లో దానికి నోరు తిరగని పేరేదో ఉందిలే, నాకు మాత్రం అది మోకాలాకే. నువ్వు పంపిన ఆకుని నీడన ఆరబెట్టి, పొడికొట్టి, మూడు రోజులు ఆల్కహాలులో నానబెట్టాను. వడకట్టి, ఆ ద్రవాన్ని గిర్రున తిరిగే గాజుబుడ్డిలో సన్నని వేడి మీద ఇగిరిస్తే, అడుగున తారులాంటి ముదురుపచ్చ ముద్ద మిగిలింది. గోనెసంచెడు ఆకుకి గుప్పెడు కూడా రాలేదు. అదే సారం. ఆ తర్వాత ఎలుకలు. పాదంలో వాపు తెప్పించే పదార్థాన్ని సూదితో ఎక్కిస్తాం (మొహం చిట్లించకు, మొదటిరోజు నాకూ ముద్ద దిగలేదు). గంటగంటకీ ఆ పాదాన్ని నీళ్ళున్న గాజుగొట్టంలో ముంచి, నీళ్ళు ఎంత పైకొచ్చాయో చూస్తే వాపెంతో తెలుస్తుంది. సారం తాగించిన ఎలుకల్లో వాపు దాదాపు మూడోవంతు తగ్గింది. వేడిపలక మీద పెడితే, పాదం నాకడానికి అవి తీసుకున్న సమయం కూడా పెరిగింది. అంటే నొప్పి ఆలస్యంగా తెలుస్తోందన్నమాట.

ఎందుకు తగ్గిందంటావా? దెబ్బ తగిలినచోట ఒళ్ళు కొన్ని పదార్థాలు తయారుచేసుకుంటుంది. అవి రక్తనాళాలను వదులుచేసి నీరు చేరేలా చేస్తాయి, అది వాపు. నరాలను రెచ్చగొడతాయి, అది నొప్పి. వాటిని తయారుచేసే ఎంజైమ్ ఒకటుంది, పనివాడనుకో. మన ఆకులో ఉన్నదేదో ఆ పనివాడి చేతులు కొంతమేరకు కట్టేస్తున్నట్టుంది. అందుకే మొదటి గంటలో ఏమీ కనబడదు, మూడో గంటకి తేడా తెలుస్తుంది. "దాని నడక దానిది, తోలితే పరిగెత్తదు" అని నువ్వు రోగులకి చెప్పేవాడివి చూడు, అచ్చం అలాగే.

కానీ అసలు విశేషం ఇది కాదు. నేను చదువుకని ఇల్లు వదిలినప్పుడు, నడుంనొప్పికని అమ్మ ఒక సీసాడు పొడి ఇచ్చింది. ఇన్నాళ్ళూ పెట్టె అడుగున పడి ఉంది. పోలికకి ఉంటుందని దాన్ని కూడా పరీక్షించాను. నా సారం మూడోవంతు తగ్గించినచోట, ఆ పొడి ముప్పాతిక తగ్గించింది! మా మేడమ్ ఆ అంకెలు చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మీ నాన్నగారు ఏం కలుపుతారో కనుక్కో" అంది. వచ్చే నెల మా విభాగంలో అందరి ముందు నేను దీని గురించి మాట్లాడాలి. ఏం కలిపావు నాన్నా? ఎప్పుడు కోశావు, ఎంతసేపు నూరావు? ఏదీ దాచకుండా రాయి.

నీ ప్రశ్నలపుట్ట

*

అమ్మడూ,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. ఎలుకలకి మేలు చేసినందుకు సంతోషం.

ఆ సీసా పారెయ్యి. ఎనిమిదేళ్ళ నాటి పొడి, ఏమైపోయి ఉంటుందో ఎవరికి తెలుసు. నేను కలిపిందేమీ లేదు. ఆకు, అంతే. ఈ పార్సిల్లో తాజా ఆకు పంపుతున్నాను, నీ లెక్కలన్నీ దీంతోనే చెయ్యి. అందరి ముందూ ఆ సీసా సంగతి ఎత్తకు.

మీ అమ్మ పోయాక నాకు హస్తవాసి పోయిందని వీధంతా అంటున్నారు, నీ చెవినా పడే ఉంటుంది. వచ్చేవాళ్ళు తగ్గారు. నాకూ ఓపిక తగ్గింది. నువ్వు వేళకి తిను.

నాన్న

*

నాన్నగారికి,

'నువ్వు' అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అందుకే 'మీరు'.

పారెయ్యమన్నారు. మీరు పారెయ్యమన్నారనే అనుమానం వచ్చింది. మీరెప్పుడైనా ఒక్క రెమ్మ పారేశారా?

మా దగ్గర ఒక చిన్న పరీక్ష ఉంది. తెల్లటి పూతపూసిన గాజుపలక అడుగున చుక్కలు పెట్టి, కొంచెం ద్రావకంలో నిలబెడతాం. ద్రావకం పైకి పాకుతూంటే ఒక్కో పదార్థం ఒక్కో ఎత్తులో ఆగిపోతుంది. ఊదారంగు దీపం కింద పెట్టి చూశాను. నా సారంలో ఉన్న మరకలన్నీ మీ పొడిలోనూ ఉన్నాయి. మీ పొడిలో ఇంకొకటి ఉంది. ఏ ఆకులోనూ ఉండడానికి వీల్లేనంత ముదురుగా, ఒంటరిగా. మూడు రోజులు తల బద్దలుకొట్టుకుని, చివరికి అల్మారాలో ఉన్న స్టెరాయిడ్ మందు చుక్క పక్కన పెట్టాను. రెండూ ఒకే ఎత్తులో ఆగాయి. నమ్మలేక పెద్ద మిషను మీద కూడా చేయించాను. అదే.

నాన్నగారూ, మీరు మాత్రలు నూరి ఆకుపొడిలో కలిపారు. జనం మర్నాటికే లేచి నడిచారు. మీకు దండాలు పెట్టారు.

అమ్మ కూడా అదే పొడి తినేది. తన మణికట్లు వాచి, గరిటె పట్టుకోలేకపోయినప్పుడు మొదలుపెట్టింది. తర్వాత ముఖం గుండ్రంగా అయింది. చూసినవాళ్ళు "ఒళ్ళు చేశావే, మీ ఆయన మందు బాగా పట్టింది" అనేవాళ్ళు. నేనూ నవ్వాను. చేతుల మీద చర్మం ఉల్లిపొరలా అయి, గాజు తగిలినా కమిలేది. ఒకరోజు స్టూలు మీదనుంచి లేవబోయింది, అంతే, తుంటి ఎముక విరిగింది. పడలేదు కూడా. లేచిందంతే.

ఆసుపత్రిలో ఆపరేషనుకి ముందు డాక్టరమ్మ అడిగింది మీకు గుర్తుందా? "ఈవిడ నొప్పులకి ఏమన్నా మందులు వాడుతున్నారా? బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి." నేను తలుపు దగ్గరే ఉన్నాను. మీరు చేతులు కట్టుకుని, "ఆకుమందు తప్ప మాత్ర మింగి ఎరగదమ్మా" అన్నారు. నాలుగో రోజు అమ్మ రక్తపోటు పడిపోయింది. ఎందుకు పడిపోతోందో వాళ్ళకి అంతుపట్టలేదు.

నాకిప్పుడు తెలుసు. ఆ మందు ఏళ్ళ తరబడి వాడితే ఒంట్లో అలాంటి పదార్థాన్ని తయారుచేసే గ్రంథి నిద్రపోతుంది. ఒక్కసారిగా ఆపేసి, పైన ఆపరేషను కూడా చేస్తే ఒళ్ళు తట్టుకోలేదు. ఆ డాక్టరమ్మకి తెలిసి ఉంటే అదే మందు సూదిలో ఎక్కించేది. అమ్మ బతికేదేమో. మీ ఒక్క మాటకి.

అందరి ముందూ ఆ సీసా సంగతి చెప్పేస్తాను. ఆ తర్వాత ఈ ఆకు జోలికి పోను. మీరు నాకు రాయొద్దు.

మీ కూతురు

*

తల్లీ,

వద్దన్నా రాస్తున్నాను. ముందు ఒక మాట చెప్పేస్తాను, తర్వాత చదివినా చదవకపోయినా నీ ఇష్టం. ఆ మాత్రలు కలిపింది నేను కాదు. మీ అమ్మ.

ఆకు కోసేది నేను, ఎండబెట్టేది నేను, నూరి సీసాలకెత్తేది ఆమె. మా పెళ్ళైనప్పటినుంచీ అంతే. ఆమె నవ్వుతూ చెప్పేది కదా, "పేరు ఆయనది, రెక్కలు నావి" అని. ఆమె పోయిన మూడు వారాలకి వంటింట్లో పై అరలు సర్దుతూంటే, వెనకెక్కడో పాలపొడి డబ్బా ఒకటి దొరికింది. దాన్నిండా తెల్ల మాత్రలు. పక్కనే ఆమె మందు నూరే చిన్న కల్వం. దాని గుంటలో సన్నని తెల్లపొడి ఇంకా అంటుకునే ఉంది.

డబ్బా పట్టుకుని మందులషాపాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన దాన్ని చూసి నాకేసి వింతగా చూశాడు.

"అదేంటండీ, మీకు తెలీదా? ఏళ్ళబట్టి తీసుకెళ్ళేవారు కదా ఆవిడ."

"తనకోసమా?"

"మొదట తనకే. మణికట్లకని ఎవరో డాక్టరు పదిరోజులకి రాసిచ్చాడు. ఒకసారి అడిగాను, ఇన్నెందుకమ్మా అని. 'మా ఆయన ఆకు మంచిదేనండీ. కాకపోతే దానికి వారం కావాలి. ఆ కుట్టుమిషను ఆవిడ పిల్లలు వారం పస్తుంటారా?' అన్నారు. మీకు చెప్పొద్దన్నారు. 'చిన్నబుచ్చుకుంటాడు' అన్నారు."

డబ్బా తీసుకుని ఇంటికొచ్చేశాను.

మీ మిషనత్తయ్య సంగతి నీకు తెలుసు. వీధి మలుపులో మిషను పెట్టుకుని, ఒంటిచేత్తో ఇద్దర్ని పెంచింది. వేళ్ళు వాచి, సూది పట్టలేక మన గుమ్మంలో కూర్చుని ఏడ్చినరోజు నేను ఆకు నూరి పట్టువేసి, ఓపిక పట్టమన్నాను. మీ అమ్మకి ఓపిక పట్టమనడం చేతకాలేదు. తనకి ఏది ఉపశమనం ఇచ్చిందో అదే ఆమెకీ ఇచ్చింది. తర్వాత ఇంకొకరికి. తర్వాత అందరికీ. అది విషమని ఆమెకి తెలీదు. తెలిస్తే తను తినేదా?

ఇంతవరకు చదివి నన్ను క్షమించాలనుకుంటున్నావేమో. ఆగు. నాకు అనుమానం రాలేదా అని అడుగు. వచ్చింది. ఆ ఆకుతో నలభై ఏళ్ళు బతికినవాణ్ణి, దాని నడక నాకు తెలుసు. వారానికి తగ్గేది ఒక్కరోజులో తగ్గుతూంటే, ఇది ఆకు పని కాదని నా మనసుకి తెలుసు. కానీ జనం వాకిట్లో బారులు తీరారు. "మీది హస్తవాసి కాదండీ, అమృతం" అన్నారు. నాకది బాగుంది తల్లీ. బాగుంది కాబట్టి మీ అమ్మని ఒక్కమాట అడగలేదు. అడిగితే అదంతా అయిపోతుందని భయం.

ఆసుపత్రిలో నేను అబద్ధం చెప్పలేదు. నాకు తెలిసిందే చెప్పాను. కానీ తెలుసుకోవలసింది తెలుసుకోకుండా చెప్పాను. నీ ఉత్తరం వచ్చేదాకా ఆమె ప్రాణం నా మాట మీద నిలబడి ఉందని నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది.

ఇంకొకటుంది. డబ్బా పారేశాక ఉత్త ఆకే ఇవ్వడం మొదలుపెట్టాను. రెండు వారాలకి మిషనత్తయ్య మిషను మీదే తూలిపడిపోయింది. ఆసుపత్రిలో చాలా రోజులుంది, బతికింది. ఎందుకు పడిపోయిందో వాళ్ళకీ తెలీదు, ఆమెకీ తెలీదు. నాకు సందేహం ఉంది. చెప్పలేదు. చెబితే మీ అమ్మ పేరు వీధిన పడుతుంది. హస్తవాసి పోయిందన్న మాట నేను పడితే చాలనుకున్నాను.

నన్ను ఏమన్నా అను. ఆమెని మాత్రం ఒకసారి ఆలోచించి అను.

నాన్న

*

నాన్నా,

నీ ఉత్తరం ల్యాబులో విప్పాను. ఎలుకలగదిలోకి వెళ్ళి తలుపేసుకుని చదివాను. అక్కడ ఎవరూ పలకరించరు.

కోపం పోయిందని చెప్పను. అమ్మ మీద కోపం వచ్చింది, ఆ తర్వాత నా మీద. అమ్మ గుండ్రటి ముఖం చూసి నేనూ నవ్వినదాన్నే కదా. అప్పటికే ఇలాంటి మందుల గురించి పాఠం చదివాను నాన్నా, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. పుస్తకంలో ఉన్న ముఖాన్ని ఇంట్లో గుర్తుపట్టలేదు. ఆ రోజు డాక్టరమ్మ ముందు ఉన్నది నువ్వొక్కడివే కాదు, తలుపు దగ్గర నేనూ ఉన్నాను.

నిన్న అందరి ముందూ నిలబడ్డాను. పట్టికలో అన్నిటికంటే గొప్పగా ఉన్న వరుస కొట్టేసి, ఎందుకు కొట్టేశానో చెప్పాను. మా ఇంట్లో తయారైన పొడి అని, అందులో స్టెరాయిడ్ ఉందని. మేడమ్ చివర్లో ఒక్కమాటే అడిగింది: "ఇది చెప్పడానికి మూడు వారాలెందుకు పట్టింది?" తర్వాత నా పక్కన కూర్చుని, "ఆకు పని ఆపకు. నీ ఆకు చేసింది తక్కువేం కాదు, కాకపోతే ఎంత చేసిందో అంతే రాయి" అంది.

నువ్వు పంపిన తాజా ఆకుతో మళ్ళీ చేశాను. మూడోవంతుకి కొంచెం తక్కువ వచ్చింది. అదీ ఎలుకల్లో. మనుషుల్లో ఎంతో ఎవరికీ తెలీదు, తెలియడానికి ఏళ్ళు పడుతుంది. అంతే రాస్తున్నాను.

ఒక్కటి మాత్రం ఆగడానికి వీల్లేదు. అత్తయ్యకి చెప్పు. ఆవిడని చూసే డాక్టరుకి ఏ మందు, ఎన్నేళ్ళు అన్నది తెలియాలి. రేపు ఏ ఆపరేషనో అవసరమైతే అమ్మకి జరిగిందే జరగొచ్చు. అమ్మ పేరు కన్నా ఆవిడ ప్రాణం ముఖ్యం. అమ్మ ఉంటే తనూ అదే అనేది. ఆ పొడి తిన్న మిగతావాళ్ళకీ చెప్పాలి. నన్ను రమ్మంటే వస్తాను, పక్కన నిలబడతాను.

నీ కూతురు

*

ప్రశ్నలపుట్టా,

నువ్వు రానక్కరలేదని ఫోనులో అరిచాను, వినబడిందో లేదో. ఇది నేను ఒక్కణ్ణే చెయ్యాల్సిన పని.

పొద్దున్నే వెళ్ళాను. మీ మిషనత్తయ్య షాపు తీసి, మిషను మీద గుడ్డ దులుపుతోంది. బోర్లించిన పెట్టె మీద కూర్చుని, మొదటినుంచి చివరిదాకా చెప్పాను. మీ అమ్మ చేసింది చెప్పాను. నేను అడగకపోవడం చెప్పాను. ఆమె ఎందుకు పడిపోయిందో అనుమానం ఉండీ నోరుమూసుకున్నది చెప్పాను. ఆమె చేతిలో గుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

"ఆవిడ నా వేళ్ళు పట్టుకుని ఏడ్చిందండీ ఒకసారి" అంది. మెత్తబడిందనుకున్నాను. అంతలోనే లేచి నిలబడింది. "ఆవిడకి తెలీదు, సరే. మీరో? ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులున్నాను. నా పిల్లలు ఆ వరండాలో పడుకున్నారు. మీరు పలకరించడానికి కూడా వచ్చారు. నా మంచం పక్కన కూర్చుని నోరు మెదపలేదు! ఎట్లా కూర్చోగలిగారండీ?" అంది.

కూర్చోగలిగాను తల్లీ. అదే చెప్పాను.

"లేవండి" అంది. లేచాను. లోపలికి వెళ్ళి తన ఆసుపత్రి ఫైలు తెచ్చి నా ముందు పడేసింది. "ఇప్పుడు చెప్పిందంతా దీంట్లో రాయండి. సంతకం పెట్టండి." ఆమె కొలతలు రాసుకునే పెన్సిలుతో మొదలుపెడితే, "చెరిగిపోతుంది" అని లాక్కుని పెన్ను ఇచ్చింది. ఏ మందు, ఎన్నేళ్ళు, ఎవరిచ్చారు, ఎవరు దాచారు, అన్నీ రాశాను. మీ అమ్మ పేరూ రాశాను.

ఆ రోజునుంచి ఇంటింటికీ తిరుగుతున్నాను. ఆ పొడి తిన్నవాళ్ళు ఇరవై ముగ్గురు గుర్తున్నారు. పధ్నాలుగు మందిని కలిశాను. ఒకాయన తలుపు వేసేసుకున్నాడు. ఒక ముసలావిడ, "అది మళ్ళీ చేసిపెట్టండి నాయనా, నేను పోతే పోతాను" అని చెయ్యి పట్టుకుంది. విడిపించుకోవడం కష్టమైంది. అందరికీ కాగితం రాసిస్తున్నాను, డాక్టరుకి చూపించమని.

మిషనత్తయ్య నాలుగు రోజుల తర్వాత మన గుమ్మంలోకి వచ్చింది. ఏడాదయింది ఆమె ఈ గడప తొక్కి. కూర్చోలేదు.

"ఉత్త ఆకు ఉందా?" అంది.

"ఉంది. వాపు మూడోవంతు తగ్గిస్తుందని మా అమ్మాయి అంటోంది. అదీ ఎలుకలకి. మనుషులకెంతో తెలీదు."

"మూడోవంతు తగ్గితే సూదిలో దారం ఎక్కించుకోగలను. వేయండి పట్టు."

డాక్టరు సరేనంటేనే వేస్తానన్నాను. జీవితంలో మొదటిసారి నొప్పితో వచ్చినవాళ్ళని వట్టిచేతులతో పంపాను. నన్ను వీధి చివరిదాకా వినబడేలా తిట్టి వెళ్ళింది. నాకే స్పష్టంగా వినబడిందంటే చూసుకో.

నిన్న మళ్ళీ వచ్చింది, చీటీతో. పైపూతగా వాడుకోవచ్చు, తనిచ్చే మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా ఆపకూడదు అని డాక్టరు రాశాడు. ఈసారి కూర్చుంది. నేను లోపలికి వెళ్ళబోతే, "ఇక్కడే నూరండి, నా కళ్ళముందు" అంది. పెద్ద కల్వం వాకిట్లోకి తెచ్చాను. ఆమె తన వంకరపోయిన వేళ్ళతో ఒక్కొక్క ఆకూ తిప్పి చూసి అందిస్తూంటే, నేను నూరాను. చాలాసేపు పట్టింది.

నాన్న